పెరట్లో పిచ్చుక వాటా

ఇశ్రాయేలు రైతుకు దేవుడొక విచిత్రమైన ఆజ్ఞ ఇచ్చాడు. ఆరేళ్లు సాగుచేసిన పొలాన్ని ఏడో ఏట బీడుగా వదిలేయాలి. దానంతటదే పండినది పేదలు తినాలి, వారు మిగిల్చినది అడవి జంతువులు తినాలి (నిర్గమ 23:11). పొలం యజమానిదే అయినా అందులో పేదవానికీ, నోరులేని జీవికీ దేవుడు వాటా పెట్టాడన్నమాట.

మరి మన పెరట్లో ఆ వాటా ఏమైంది? గోదావరి, కృష్ణా జిల్లాల్లో కోతలయ్యాక వరికంకులను కుచ్చులుగా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేవారు. ఇప్పుడు స్లాబు ఇళ్లకు చూరు లేదు, గచ్చు చేసిన వాకిట్లో పురుగు లేదు. పిచ్చుక గింజలు తినే పక్షే అయినా, పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులనే. పురుగుమందు కొట్టిన పెరట్లో ఎన్ని గింజలు చల్లినా దాని సంసారం నిలవదు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే గొంగళిపురుగును మనం నలిపేస్తాం. బతకనిస్తే అదే సీతాకోకచిలుక అవుతుంది!

రెండు కాసులకు ఐదు పిచ్చుకలు అమ్ముతారని ప్రభువు చెప్పాడు (లూకా 12:6). కాసుకు రెండైతే ఐదోది కొసరు. ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోడు. మనం పిచ్చుకలకంటే శ్రేష్ఠులమని సంతోషిస్తాం, మంచిదే. కానీ ఆ ఆదరణ అంతా దేవుడు పిచ్చుకను మరువడన్న సత్యం మీదే నిలిచి ఉంది కదా!

ఏదెనులో ఆదాముకు అప్పగించిన పని తోటను సేద్యపరచడం, కాయడం (ఆది 2:15). ఆ 'కాయడం' అనే మాటకు హెబ్రీలో 'షామర్' అనే క్రియ వాడారు. దేవుడు మనలను కాపాడాలని యాజకుడు దీవించేటప్పుడు పలికే మాట కూడా అదే (సంఖ్యా 6:24). ఆ దీవెన ప్రతి ఆదివారం అందుకునే మనం, మందిర ఆవరణలో కార్ల కోసం వేపచెట్టు కొట్టి టైల్స్ పరిస్తే ఎలా? లోపల సృష్టికర్తకు స్తుతి, బయట ఆయన సృష్టికి చోటు లేకపోవడం!

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. నీడలో వెడల్పాటి మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్లు పెట్టండి. దోమలు పెరగకుండా రోజూ కడిగి మార్చండి. తేనెపిట్టకు ఒక మందారం నాటండి. ఒక మూల ఎండుటాకులను తగలబెట్టకుండా వదలండి. పురుగుమందు మానండి. కరివేపాకులో నాలుగు రెమ్మలు పురుగుకు విడిచిపెట్టండి. అది నష్టం కాదు, దేవుడు రాసిపెట్టిన వాటా.