వసూళ్లకు ఈస్టు, వెస్టు... మంచి సినిమాకు చోటేదీ?

కుమారదేవం సినిమా చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయింది. కొవ్వూరు మండలంలో గోదావరి గట్టున సుమారు నూటయాభై ఏళ్లు నిలబడిన నిద్రగన్నేరు అది. దాని నీడన వందల సినిమాలకు షూటింగులు జరిగాయి. చెట్టు పడిపోయిందని తెలిసి చూడటానికి జనం తరలివచ్చారు. మళ్లీ చిగురింపజేయాలని కొందరు పూనుకున్నారు. సంతోషించదగిన విషయమే. అయితే ఆ చెట్టు కింద తీసిన సినిమాల్లో గోదావరి జిల్లాల మనిషి బతుకు ఎన్నింటిలో కనిపించింది? నది కనిపించింది. పడవ కనిపించింది. కొబ్బరి తోట, పెంకుటిల్లు, ముగ్గేసిన వాకిలి కనిపించాయి. ఆ వాకిట్లో ఉండే మనిషి మాత్రం చాలాసార్లు హీరో పక్కన నవ్వు పుట్టించే యాసగానే మిగిలిపోయాడు.

సినిమా వ్యాపారుల లెక్కల్లో ఈ డెల్టాకు పెద్ద పీటే ఉంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, కృష్ణా, నెల్లూరుల సరసన ఈస్టు, వెస్టు అని రెండు గడులు ప్రత్యేకంగా ఉంటాయి. 2022లో జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరయినా ఆ రెండు గడులు చెక్కుచెదరలేదు. మొదటి రోజు ఈస్టులో ఎంత, వెస్టులో ఎంత అన్నది చూసుకుని మురిసిపోయే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ వసూలు చేసుకుపోయేవారికి ఈ జిల్లాలు ఒక గడి మాత్రమే. ఈ గడిలోని జనం ఏం చూడాలో, ఏం చూడకూడదో నిర్ణయించేది ఇక్కడివారు కాదు.

అందుకే రాజమహేంద్రవరం కేంద్రంగా డెల్టాలో ఏటేటా ఒక స్వతంత్ర చిత్రోత్సవం జరగాలి. పెద్ద హీరో లేకుండా, కోట్ల పెట్టుబడి లేకుండా, చెప్పదలచుకున్న మాట కోసం తీసిన సినిమాలను తెచ్చి, ఊరి జనానికి చూపించే ఉత్సవం. ఇది పట్నవాసుల వేడుక కాదు. పల్లెటూరివారికే దీని అవసరం ఎక్కువ.

ఇక్కడ పుట్టిన పనే

ఇదేదో పరాయి ఆలోచన అనుకోనక్కర లేదు. పెట్టుబడిదారుల అండ లేకుండా సినిమా తీయడం గోదావరి జిల్లాల్లో నూరేళ్ల నాటి మాట. కాకినాడ వాస్తవ్యులు చిత్తజల్లు పుల్లయ్య 1920ల్లోనే సొంత ఊళ్లో, తన ఇంటినే స్టూడియోగా చేసుకుని మార్కండేయుడి కథతో మూకీ చిత్రం తీశారు. తర్వాత రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పారు. 1936లో సంపూర్ణ రామాయణం అక్కడే తయారైంది. ఆంధ్రదేశంలో స్టూడియో అన్నమాటకు తొలి చిరునామా గోదావరి గట్టే. ఆ తర్వాత సినిమా మద్రాసుకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తరలింది. డెల్టాకు మిగిలింది అవుట్‌డోరు షూటింగు ఒక్కటే.

ఆ అవుట్‌డోరుతోనూ ఒక కొత్త దారి ఇక్కడ పడింది. 1967లో బాపు తన తొలి చిత్రం సాక్షిని పులిదిండి గ్రామంలో తీశారు. సెట్టింగుల ఆర్భాటం లేదు. ఊరే సెట్టింగు. తక్కువ ఖర్చుతో, నలుపు తెలుపుల్లో ఊరి కథ ఊళ్లోనే తీయవచ్చని ఆ సినిమా చూపించింది. ఆ దారిన తరవాత నడిచినవారు ఎందరు?

చూసే అలవాటు కూడా కొత్తది కాదు. శ్రీరామనవమి పందిళ్లకు, వినాయక చవితికి వీధికి అడ్డంగా తెల్లటి తెర కట్టి పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరుతో సినిమా వేయించడం పెద్దలందరికీ గుర్తే. చాపలు ముందుగానే పరిచి చోటు పట్టుకునేవారు. ఆలస్యంగా వచ్చినవారు తెర వెనక కూర్చుని అక్షరాలు తిరగబడ్డా సినిమా మాత్రం వదిలేవారు కాదు. టిక్కెట్టు లేదు, తరగతి లేదు. ఇప్పుడు ఇంట్లో ప్రతివారి చేతిలోనూ తెర ఉంది. నలుగురూ కలిసి చూసే తెరే కరువైంది. పాత హాళ్లు ఎన్నో కల్యాణ మండపాలుగా, గోదాములుగా మారిపోయాయి. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదన్నట్టు ఉంది పరిస్థితి.

తెరకెక్కని కథలు

పోయేదేమిటని అడిగేవారుంటారు. పోయేది ఈ ప్రాంతపు జ్ఞాపకం. 1986 ఆగస్టు వరదల్లో గోదావరి గట్లు తెంచుకుని ఊళ్లమీద పడింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఎగసిన బావి మంటలు రెండు నెలలు దాటినా ఆరలేదు. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలకూల్చింది. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక సార్వా పంటకు విరామం ప్రకటించారు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు పోయాయి. వీటిలో వెండితెర మీద చూసి పిల్లలకు చూపించదగినవి ఎన్ని?

కొబ్బరి దింపు కార్మికుడి కథ ఉంది. ఏటా కోతకు గురవుతున్న లంక భూమి కథ ఉంది. వరిచేను పక్కన చేపల చెరువు తవ్వితే ఉప్పు తేలిన పొలం కథ ఉంది. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫ్ దేశానికి వెళ్లిన తల్లి కథ ఉంది. కౌలు కాగితం లేక పంట నష్టం రాబట్టుకోలేని రైతు కథ ఉంది. పోలవరం కింద ఊరు వదిలిన గిరిజనుడి కథ ఉంది. వీటికి వందల కోట్లు పెట్టేవారు ఉండరు. కానీ ఈ కథలు తెలిసిన కుర్రాళ్లు, చేతిలో కెమెరా ఫోను ఉన్న కుర్రాళ్లు ఈ జిల్లాల్లోనే ఉన్నారు. వారికి లేనిది రెండే: మంచి సినిమా చూసే అవకాశం, తీసినది చూపించుకునే చోటు.

తెలుగులో ఇటువంటి సినిమాలు రాలేదని కాదు. మృణాల్‌సేన్ 1977లో ఒక ఊరి కథ తీశారు. గౌతం ఘోష్ 1979లో మా భూమి తీశారు. బి.నర్సింగరావు 1988లో తీసిన దాసికి ఉత్తమ నటితో సహా ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. 2018లో వెంకటేష్ మహా విశాఖపట్నంలోని కంచరపాలెంలో, ఎక్కువగా అక్కడి మనుషులతోనే కేరాఫ్ కంచరపాలెం తీశారు. ఒక పేట మనుషులు తమ ముఖాలతో, తమ మాటతో తెర మీదికి వస్తే రాష్ట్రమంతా చూసింది. కంచరపాలేనికి సాధ్యమైనది ఆత్రేయపురానికో ఆచంటకో అసాధ్యం కాదు.

ఎక్కడెక్కడ జరిగింది

కర్ణాటకలో హెగ్గోడు అనే చిన్న ఊరుంది. వక్క తోటల ఊరు. కె.వి.సుబ్బణ్ణ అక్కడ నీనాసం అనే నాటక సంస్థ నడిపారు. 1973లో సినిమా సంఘం కూడా పెట్టారు. రైతులు, కూలీలు, బడిపిల్లలు కలిసి దేశదేశాల గొప్ప చిత్రాలు చూశారు. అర్థం కాదన్నవారి నోళ్లు మూతపడ్డాయి. 1991లో సుబ్బణ్ణకు మెగసెసే అవార్డు వచ్చింది.

కేరళలో జాన్ అబ్రహాం మిత్రబృందం ఒడెస్సా ఊరూరా తిరిగి సినిమాలు చూపించి, జనం దగ్గర పోగైన చందాలతోనే 1986లో అమ్మ అరియాన్ తీసింది. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో 2006 నుంచి కంపెనీల సొమ్ము తీసుకోకుండా ప్రజల చందాలతో చిత్రోత్సవం మొదలైంది. హిమాలయాల్లోని ధర్మశాలలో రీతూ సరీన్, తెన్‌జింగ్ సోనం దంపతులు 2012లో స్వతంత్ర చిత్రాల ఉత్సవానికి శ్రీకారం చుట్టారు. మొదటి నుంచీ దానికి పెద్ద హాళ్ల హంగు లేదు. విద్యాసంస్థల ఆవరణే వేదిక అయింది.

తెలుగునాట 1986లో అంతర్జాతీయ చిత్రోత్సవం హైదరాబాదుకు వచ్చింది. బాలల చిత్రోత్సవాలూ చాలాకాలం అక్కడే జరిగాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ వేదికలన్నీ అవతలే ఉండిపోయాయి. ఇవతల లోటు పూడ్చే బాధ్యత ఎవరిదో తేల్చుకోవాలి.

పరిషత్తు దారి

డెల్టాలో నాటక పరిషత్తులు ఎలా నడిచాయో తెలిసినవారికి చిత్రోత్సవం నడపడం నేర్పనక్కర లేదు. ఊరి పెద్దలు నలుగురు కమిటీగా ఏర్పడతారు. ధాన్యం బస్తా ఇచ్చేవారు, భోజనాలు పెట్టేవారు, ఇంట్లో నటులకు బస ఇచ్చేవారు ఉంటారు. మూడు రాత్రులు నాటకాలు ఆడతారు. తెల్లవారేక టీ కొట్టు దగ్గర ఏది బాగుందో వాదన జరుగుతుంది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల నుంచే ఎస్.వి.రంగారావు, అంజలీదేవి వంటి నటులు వెలుగులోకి వచ్చారు. నాటకానికి చేసినది సినిమాకూ చేయవచ్చు. ఏటేటా జరగడంలోనే ఉంది కిటుకంతా. ఒక్క ఏడు చేసి ఫొటోలు దిగితే అది సభ. పదేళ్లు చేస్తే అది సంప్రదాయం.

కాలం కూడా ఆలోచించుకోవాలి. సంక్రాంతికి పెద్ద సినిమాలు, కోడిపందేలు ఉండనే ఉన్నాయి. పైగా దాళ్వా నాట్ల పని. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసే వేసవి రోజులు మేలు. రైతుకు తీరిక, పిల్లలకు సెలవులు, రాత్రిపూట ఆరుబయలు చల్లన. రాజమండ్రి ఆనం కళాకేంద్రంలో ప్రారంభించినా, మరుసటి రోజు నుంచి తెర ఊళ్లకు నడవాలి. స్కూలు ఆవరణ చాలు. ఒక ప్రొజెక్టరు, ఒక తెర, రెండు స్పీకర్లు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు చాలు.

చట్టం తెలుసుకుని దిగాలి. సెన్సారు సర్టిఫికెట్టు ఉన్న సినిమాకు నిర్మాత అనుమతి తీసుకుని, ఎంతో కొంత రుసుము చెల్లించాలి. సర్టిఫికెట్టు లేని సినిమాను ఉత్సవంలో చూపించాలంటే కేంద్ర సమాచార, ప్రసార శాఖ నుంచి మినహాయింపు ముందుగానే తెచ్చుకోవాలి. దొంగ కాపీ వేసి మంచి సినిమా ఉద్యమం అనడం తగదు. చిన్న నిర్మాతకు ఆ నాలుగు వేలే బియ్యం గింజలు.

జాగ్రత్తలు

అనుమానాలు లేకపోలేదు. ఇటువంటి సినిమాలు నత్తనడక నడుస్తాయి, జనం లేచిపోతారంటారు కొందరు. లేచిపోయేవారు లేచిపోతారు. రాత్రంతా హరికథ విన్న జనం, తెల్లవార్లూ పద్యనాటకం చూసిన జనం ఓపిక లేనివారని ఎవరనగలరు? సినిమా ముందు ఐదు నిమిషాలు కథాసందర్భం తెలుగులో చెప్పి, పరభాషా చిత్రానికి మధ్యలో ఒకరు మాట అందిస్తే చాలు.

అసలు ప్రమాదం మరొకటి. ఉత్సవం శాలువాల పాలు కావచ్చు. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి గంటన్నర మాట్లాడితే సినిమాకు వచ్చినవారు ఇంటికి పోతారు. ఫ్లెక్సీల మీద ఎవరి ఫొటో పెద్దదన్న తగువు వస్తే కమిటీ రెండవుతుంది. హీరోల పేర కులాలను లెక్కబెట్టుకునే జబ్బు ఈ జిల్లాల్లో లేదని ఎవరూ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేరు. ఆ జబ్బును పందిరిలోకి రానివ్వకూడదు. తెర ఊరి నడిబొడ్డున ఒక రాత్రి కడితే, పేటలో ఒక రాత్రి కట్టాలి. ఆడవాళ్లు పనులు ముగించుకుని వచ్చి తిరిగి వెళ్లగలిగే వేళకు ఆట వేయాలి. లెక్కలు పంచాయతీ గోడ మీద అంటించాలి.

ప్రభుత్వం చేయవలసింది కొంచెమే. హాలు అద్దె తగ్గించవచ్చు. స్కూలు ఆవరణకు అనుమతి ఆలస్యం లేకుండా ఇవ్వవచ్చు. పర్యాటక శాఖ గోదావరి అందాలను ప్రచారం చేసే ఖర్చులో ఒక పాలు ఇటు మళ్లించవచ్చు. ఏ సినిమా వేయాలో, ఏది వేయకూడదో చెప్పకుండా ఉంటే అదే పెద్ద సాయం.

మిగిలిన భారం డెల్టాదే. మిల్లు యజమానులు, రొయ్యల ఎగుమతిదారులు, విదేశాల్లో స్థిరపడిన ఊరి బిడ్డలు గుళ్లకు, బళ్లకు ఉదారంగా ఇస్తూనే ఉన్నారు. ఏడాదికి మూడు రాత్రుల తెరకు ఇవ్వలేనంత బీదతనం ఈ గడ్డకు లేదు. రాబోయే వేసవికి ఒక్క ఊరు ముందుకొచ్చినా చాలు. పక్క ఊరు ఎలాగూ పోటీకి వస్తుంది.