కొత్త పాటకు ఊరు కావాలి: నందివాడ ప్రణాళిక

కృష్ణా జిల్లాలో సంగీత విద్వాంసుడికి శాలువా కప్పడానికి ఎప్పుడూ పదిమంది సిద్ధంగా ఉంటారు. "మా ఊరి కోసం కొత్త రచన ఒకటి చేసిపెట్టండి, ఇదిగో బయానా" అనేవాళ్ళే కనపడరు. ఆ బయానా ఇవ్వడానికి మేము పూనుకున్నాం. ఈ ప్రణాళిక సారం ఇంతే. మిగిలిందంతా దానికి వివరణ.

మేము నందివాడ మండలంలోనూ, గుడివాడ, బందరు, దివిసీమ చుట్టుపక్కలా ఉండేవాళ్ళం. మాలో సన్నాయి ఊదేవాళ్ళున్నారు, డప్పు కొట్టేవాళ్ళున్నారు, వీణ పాఠాలు చెప్పే టీచర్లున్నారు. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాళ్ళు, మైకు సెట్టు వాళ్ళు, చెరువుల మీద కాపలా కాసేవాళ్ళు కూడా ఉన్నారు. ఇవాళ పుడుతున్న శాస్త్రీయ సంగీతానికీ, ప్రయోగ సంగీతానికీ ఏటా నందివాడలో మూడు రాత్రుల అంతర్జాతీయ ఉత్సవం జరపాలని తీర్మానించుకున్నాం.

మాకు ముందు నడిచినవాళ్ళు

ఈ మండలం పేరు చెబితే రామాపురంలో పుట్టిన అక్కినేని గుర్తొస్తారు. గుడివాడ పేరు చెబితే చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గుర్తొస్తారు. వాళ్ళ జయంతులు, వర్ధంతులు మనం బాగానే చేస్తాం. కొత్త సంగీతం అనేసరికి మాత్రం అదేదో పారిస్ నుంచి, న్యూయార్క్ నుంచి దిగాల్సిన సరుకు అనుకుంటాం. ఈ నేల చరిత్ర అలా లేదు.

మువ్వ మనకు దూరాభారమేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో క్షేత్రయ్య మువ్వగోపాలుడి ముద్రతో కట్టిన పదాలు ఆనాటికి కొత్తవి. దేవుణ్ణి ప్రియుడిగా నిలబెట్టి, అలిగిన నాయిక నోట నిలదీయించాడు. నడకను నిదానం చేసి, ఒక్కో మాటనూ పదిరకాలుగా అభినయించే వీలిచ్చాడు. మధుర, తంజావూరు, గోల్కొండ దర్బారులు ఆయన చేత కొత్త పదాలు చెప్పించుకున్నాయి. అంటే ఆ రోజుల్లో అడిగి రాయించుకునేవాళ్ళుండేవారు.

దివిసీమలో పెదకళ్ళేపల్లి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి ఊరు. త్యాగరాజ శిష్యపరంపర ఆయన ద్వారా కృష్ణాతీరంలో నిలదొక్కుకుంది. ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు, పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన ఆ చేతితోనే బాలమురళి స, రి, మ, ద అనే నాలుగు స్వరాలతో లవంగిని, స, గ, ప, ని అనే నాలుగింటితో మహతిని, మూడే స్వరాలతో సర్వశ్రీని చేశారు. రాగానికి కనీసం ఐదు స్వరాలైనా ఉండొద్దా అని మద్రాసులో పెద్ద దుమారమే రేగింది. దుమారం చల్లారింది, మహతి మిగిలింది.

భీమవరం దాటితే పాలకొల్లు. అక్కడ పుట్టిన శ్రీనివాస్ ఎనిమిది తీగల మాండలిన్‌ను ఐదు తీగలకు తగ్గించి, దానికి కరెంటు పెట్టి, గమకం పలికించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి అతనింకా పిల్లవాడే.

బాలమురళికైనా శ్రీనివాస్‌కైనా సంప్రదాయం కంఠతా వచ్చు. అది వచ్చాకే గీత దాటారు. ప్రయోగం అనే మాటను మేము ఆ అర్థంలోనే వాడుతున్నాం. శ్రుతి కుదరనివాళ్ళు దాక్కునే చాటుగా దాన్ని మారనివ్వం.

చెరువు గట్టు మీద చెవి

నందివాడలో కొత్త సంగీతం ఎవరు వింటారని అడిగేవాళ్ళు ఒక్క రాత్రి రొయ్యల చెరువు గట్టు మీదికి రావాలి. ఏరేటర్ల చక్రాలు నీళ్ళను చిలుకుతుంటాయి. ఒక్కో మోటారుది ఒక్కో శ్రుతి, ఒక్కో వేగం. దగ్గర దగ్గరగా ఉన్న రెండు శ్రుతులు కలిసినచోట చప్పుడు అలలాగా లేచి పడుతుంటుంది. పాకలో కాపలా మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోతుంటాడు. ఇంతలో కరెంటు పోతుంది. చక్రాలు ఆగుతాయి. అతను దిగ్గున లేచి, చెప్పులైనా తొడుక్కోకుండా జనరేటర్ వైపు పరుగెత్తుతాడు. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిందంటే తెల్లారేసరికి సరుకు తేలిపోతుంది. చప్పుడుకు నిద్రపోయి, నిశ్శబ్దానికి మేలుకునే మనిషి అతను. మోటారు గొంతు కాస్త మారినా బేరింగు పోతోందని పడుకునే చెబుతాడు.

1952 ఆగస్టులో అమెరికాలో, వుడ్‌స్టాక్ దగ్గర అడవిలో ఉన్న ఒక చెక్క హాల్లో జాన్ కేజ్ రచన ఒకటి మొదటిసారి వినిపించారు. డేవిడ్ ట్యూడర్ పియానో ముందు కూర్చుని 4 నిమిషాల 33 సెకన్లపాటు ఒక్క మెట్టూ నొక్కలేదు. జనానికి వినిపించింది గాలి, కప్పు మీద చినుకులు, తమ గొణుగుడు. ఆ రచన మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. మా కాపలా మనిషికి దాన్ని విడమరిచి చెప్పే పని ఉండదు. మా ఉత్సవానికి మొదటి శ్రోత అతనే.

లోకంలో ఎలా చేశారు

జర్మనీలో డొనావెషింగెన్ అనే చిన్న ఊరుంది. డాన్యూబ్ నది పుట్టిన చోటని చెప్పుకుంటారు. 1921లో ఆ ఊళ్ళో కొత్త సంగీతానికి ఉత్సవం మొదలుపెట్టారు. అప్పటికి పాతికేళ్ళ కుర్రాడైన సంగీతకర్త హిండెమిత్ రాసిన క్వార్టెట్ తొలిసారి వినిపించింది ఆ ఏడే. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ బట్టల మిల్లుల ఊరు. అక్కడ 1978 నుంచి ఇలాంటి ఉత్సవమే నడుస్తోంది. ఈ ఊళ్ళ పేర్లు సంగీత లోకానికి తెలియడానికి కారణం ఒక్కటే. కొన్ని రచనలు అక్కడే మొదటిసారి గాలిలో పలికాయి. పేరున్న కళాకారుణ్ణి పిలిస్తే ఊరికి ఒక రాత్రి కచేరీ దక్కుతుంది. కొత్త రచన పుట్టిస్తే ఆ రచనను ఎక్కడ వాయించినా ఊరి పేరు దాని వెంటే పోతుంది.

రాకపోకలు కూడా కొత్త కావు. ఫ్రాన్సులో సంగీతకర్త మెస్సియాన్ పదమూడో శతాబ్దపు శార్ఙ్గదేవుడి దేశీ తాళాల పట్టికను పట్టుకుని తన లయలు కట్టుకున్నాడు, పక్షుల కూతలను పియానో మీదికి దించాడు. 1946లో గీతా సారాభాయ్ న్యూయార్క్ వెళ్ళి కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, అతనికి మన సంగీతం చెప్పారు. 1969లో ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టాడు. అహ్మదాబాద్ దాకా వచ్చిన దారి గుడివాడ దాకా రాకపోవడానికి పిలిచేవాళ్ళు లేకపోవడం తప్ప మరో కారణం లేదు.

అలాగని వాళ్ళు కనిపెట్టిందంతా మన గ్రంథాల్లో ముందే ఉందని చప్పట్లు కొట్టుకునే సభలు మేము పెట్టం. అప్పు తీసుకున్న సంగతి వాళ్ళు ఒప్పుకున్నారు. మనమూ కొంత తీసుకుందాం.

మా నియమాలు

1. శాలువా వద్దు, రచన కావాలి. ఉత్సవంలో సగానికి పైగా ఇక్కడే తొలిసారి వినిపించే రచనలు ఉండాలి. ఒప్పందం రాసుకున్న రోజే సగం డబ్బు ఇస్తాం. సన్మానాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి ఉపన్యాసాలు ఉండవు.

2. ప్రతి కొత్త రచనా రెండుసార్లు. రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి. నడుమ రచయిత ఊళ్ళో అరుగు మీద కూర్చుని అడిగినవాళ్ళకు జవాబు చెప్పాలి. నచ్చలేదని మొహం మీదే చెప్పే హక్కు శ్రోతకు ఉంది. ఎందుకు నచ్చలేదో చెప్పే పూచీ కూడా ఉంది. త్యాగరాజ కీర్తన మనకు ఒంటబట్టింది వందసార్లు విన్నాం కాబట్టి. కొత్తదానికి రెండోసారైనా దక్కాలి.

3. ఒకే వేదిక, ఒకే పారితోషికం. డప్పు ఊరేగింపు ముందు నడుస్తుంది, గుడి వాకిట్లో ఆగిపోతుంది. సన్నాయి లోపలికి పోతుంది, కచేరీ వేదిక దగ్గరికొచ్చేసరికి వీణ వెనక నిలబడుతుంది. ఈ మెట్ల వరస కులం కట్టింది. సంగీతానికి దానితో సంబంధం లేదు. బెర్లిన్ నుంచి వచ్చిన చెల్లో విద్వాంసురాలికీ, మన పేట డప్పు కళాకారుడికీ రోజు లెక్క ఒకటే. భోజనం ఒకే పంక్తిలో.

4. తొందరపాటు జుగల్బందీలు వద్దు. సన్నాయిలో తోడి గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. పియానో మెట్టు ఉన్నచోట ఉంటుంది. సన్నాయి విద్వాంసుడు పీకను నోట్లో నానబెట్టి, ఊది చూసి, మళ్ళీ సవరించుకుంటాడు. ఎండకూ మంచుకూ దాని శ్రుతి మారుతుంది. పియానో అతని కోసం ఆగదు. ఈ పేచీని ఒక పూట రిహార్సల్లో కప్పిపుచ్చవచ్చు, తీర్చలేం. అందుకే కలిసి వాయించదలుచుకున్నవాళ్ళు పది రోజుల ముందే వచ్చి ఊళ్ళో ఉండాలి. పేచీ తీరకపోతే తీరని పేచీనే వినిపించవచ్చు. అదీ సంగీతమే.

5. చప్పుడుకు హద్దు. మొదటి రాత్రి మైకే ఉండదు. మిగతా రెండు రాత్రులూ హారన్లు, డీజే పెట్టెలు ఉండవు. మైకు సెట్టు వాళ్ళతో మాకు తగువు లేదు, వాళ్ళు మా సభ్యులే. గుండెలదిరేలా మోగించడం కంటే చివరి వరసలో ముసలమ్మకు తంబురా వినపడేలా చేయడం కష్టమైన పని. ఆ పనికే వాళ్ళకు డబ్బిస్తాం. మా పక్కనే ఉన్న కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్సర్ చిత్తడి నేల. చలికాలంలో దూరదేశాల నుంచి అక్కడికి పక్షులు వలస వస్తాయి. కొల్లేటిలోని ఆటపాక గూడబాతుల్ని బెదరగొట్టే బాణసంచా మా ఉత్సవంలో కాల్చం.

6. లెక్కలు గోడ మీద. వచ్చిన రూపాయి, ఖర్చయిన రూపాయి నెలనెలా అందరూ చదివేలా అంటిస్తాం. చందా ఎవరిచ్చినా పుచ్చుకుంటాం. పార్టీ జెండా, కులసంఘం ఫ్లెక్సీ వేదిక దరిదాపుల్లోకి రానివ్వం.

ఎప్పుడు

ధనుర్మాసం చివర, సంక్రాంతికి ముందు. దీనికి కారణాలున్నాయి. అప్పటికి కోతలయి, కుప్పనూర్పిళ్ళు ఒక కొలిక్కి వస్తాయి. తుపాన్ల కాలం గడుస్తుంది. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు కాబట్టి సన్నాయి మేళాలకు పెళ్ళి బేరాలుండవు. ఏడాదిలో వాళ్ళ చేతులు ఖాళీగా, జేబులూ ఖాళీగా ఉండే నెలల్లో అదొకటి. మద్రాసు డిసెంబరు కచేరీలు ముగిసి విద్వాంసులు తిరుగుముఖం పడతారు. హరిదాసు చిడతలు, గంగిరెద్దు వాళ్ళ సన్నాయి, తెల్లారుజామున గుడి మైకులో తిరుప్పావై ఊళ్ళో ఎలాగూ మోగుతుంటాయి. మా ఉత్సవం వాటి పక్కన చోటు అడుగుతుంది.

అడిగేవాళ్ళకు జవాబు

"2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఊళ్ళు నీళ్ళలో మునిగిన మండలంలో సంగీతమా?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. గట్టుకు పోయాల్సిన మట్టి డబ్బు, వరద సాయం డబ్బు పైసా కూడా మేము ముట్టం. కానీ ఆ నీళ్ళలో మునిగిన ఇళ్ళలో డోళ్ళు, హార్మోనియాలు కూడా ఉన్నాయి. తడిసిన తోలు మళ్ళీ బిగించుకోవడానికి కళాకారుడికి పని కావాలి. అందుకే తొలి ఏడాది చందాలో కొంత భాగం వాయిద్యాల మరమ్మతుకే పోతుంది.

"జనం రారు" అంటారు. నూరుమంది వచ్చి చివరిదాకా కూర్చుంటే మాకు చాలు. రెండో ఏడు మీరే కుర్చీలు వేయిస్తారు.

మొదటి ఏడాది పని

మండలంలో సన్నాయి, డోలు, డప్పు, హార్మోనియం, కీబోర్డు వాయించేవాళ్ళ పట్టిక ఇంటింటికీ తిరిగి రాస్తాం. హైస్కూలు పిల్లల చేత వాళ్ళ ఊరి చప్పుళ్ళను ఫోన్లలో రికార్డు చేయిస్తాం. ఐసు మర, చేపల లోడింగు, పీర్ల పండుగ డప్పులు, చర్చి డోలక్, రైసు మిల్లు, తూము కింద నీళ్ళు, ఏదైనా సరే. ఆ రికార్డులు తీసుకుని ముగ్గురు రచయితలు తలా ఒక రచన చేయాలి. ఒకరు కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగువారు, ఒకరు పరదేశీయులు, ఒకరు కంప్యూటర్ మీద ధ్వని కట్టే కుర్రాడో అమ్మాయో. ఈ ముగ్గురికీ చేతిలో బయానా పెట్టాకే ఉత్సవం తేదీ ప్రకటిస్తాం.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఊరికి ఏదైనా చేయాలనుకునే మనవాళ్ళకు ఒక మాట. విగ్రహం పెట్టించడానికయ్యే ఖర్చులో ఎన్నోవంతుకో ఒక కొత్త రచన వస్తుంది. దాని మీద మీ పేరు వేస్తాం. మీ పేరుతోపాటు దాన్ని మొదట వాయించినవాళ్ళ పేర్లూ వేస్తాం.

చేరడానికి సంగీతం రావాల్సిన పని లేదు, రుసుము లేదు. సంతకం పెట్టేవాళ్ళకు షరతు ఒక్కటే. ఏడాదికి కనీసం ఒక్కటైనా మీకు బొత్తిగా నచ్చని రచనను లేచిపోకుండా చివరిదాకా వినాలి, మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చి వినాలి.