కాలనీ పెద్దలను ఎవరు ఎన్నుకోవాలి?

తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు వచ్చాక మన సంఘాల్లో చాలా కుటుంబాల బ్రతుకు మారింది. రేకుల గదిలో, నాలా పక్కన, నెలనెలా పెరిగే అద్దెలో ఏళ్లు గడిపిన విశ్వాసులు ఇప్పుడు సొంత స్లాబు కింద నిద్రపోతున్నారు. కాగితం ఇంటి ఇల్లాలి పేరున ఉంది. గృహప్రవేశ ప్రార్థనల్లో దేవునికి స్తోత్రము చెల్లించాము. చెల్లించవలసిన స్తోత్రమే అది.

అయితే ఆ ప్రార్థనలు ముగిసిన కొన్ని నెలలకు అవే ఇళ్లలో వినిపించే మాటలు వేరుగా ఉంటాయి. లిఫ్టు ఆగిపోయింది. మోటారు కాలిపోయి పై అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదు. డ్రైనేజీ పొంగి మెట్ల దగ్గర నిలిచింది. ఎవరిని అడగాలి? అధికారిని అడిగితే, ఇళ్లు మీకు అప్పగించాము, మీ కమిటీతో మాట్లాడుకోండి అంటారు. కమిటీ ఎవరంటే ఒకరిద్దరి పేర్లు చెబుతారు. వారిని ఎవరు ఎన్నుకున్నారంటే జవాబు ఉండదు. ఈ వారం మేము ఆ చివరి ప్రశ్న గురించే రాయదలిచాము.

ఊరంత కాలనీ, సర్పంచ్ లేని ఊరు

2015లో సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో తెలంగాణలో ఈ పథకానికి తొలి రూపం వచ్చింది. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు ఉన్నాయి. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. సగటున బ్లాకుకు 134 ఇళ్లు. ఇంటికి నలుగురు చొప్పున లెక్క వేసినా ఒక్క బ్లాకులోనే 500 మందికి పైగా ఉంటారు. ఇళ్లన్నీ నిండితే కాలనీ మొత్తంలో 60 వేల మందికి పైగా అవుతారు.

2018లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చినప్పుడు 500 జనాభా దాటిన తండాలను, గూడేలను గ్రామ పంచాయతీలు చేశారు. ఆ తండాకు సర్పంచ్ ఉన్నాడు, వార్డు సభ్యులు ఉన్నారు, రహస్య ఓటు ఉంది, ఐదేళ్ల గడువు ఉంది. అంతే జనం ఉన్న ఒక బ్లాకుకు మాత్రం ఇవేవీ లేవు. స్థానిక కౌన్సిలర్ ఉంటారు కదా అనవచ్చు. ఆయన పని గేటు బయట రోడ్డు, దీపం వరకు. గేటు లోపలి లిఫ్టు, సంపు, మోటారు, వాచ్‌మన్ జీతం నివాసులు చూసుకోవలసినవి. పైగా నగరంలోని బస్తీ నుంచి శివారుకు వచ్చి ఓటరు కార్డు మార్చుకోనివారి ఓటు పాత చిరునామాలోనే ఉండిపోతుంది. ఇక్కడి నాయకునికి వారితో పని లేదు, అక్కడి నాయకునికి వారు కనబడరు.

ఇంకొక చిక్కు ఉంది. హైదరాబాద్‌లో ఈ ఇళ్లను డ్రా తీసి కేటాయించారు. అది న్యాయమైన పద్ధతే. కానీ దానివల్ల పక్కపక్క తలుపులవారు ఒకరికొకరు కొత్తవారయ్యారు. బస్తీలో ఎవరు నిజాయితీపరులో, ఎవరు చిట్టీ డబ్బు ఎగ్గొట్టినవారో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ ఎరుక లేదు. అలాంటి చోట ముందుగా గొంతెత్తినవాడే పెద్ద అవుతాడు. లేదా ఏదో ఒక పార్టీ కండువా ఉన్నవాడు అవుతాడు.

ఏడు సంతకాలతో పెద్దరికం

మన రెండు రాష్ట్రాల్లో సొసైటీల రిజిస్ట్రేషన్‌కు ఆధారం 2001 నాటి చట్టం. దాని ప్రకారం ఏడుగురు సంతకాలు పెట్టి నియమావళి దాఖలు చేస్తే సొసైటీ రిజిస్టర్ అవుతుంది. తప్పేమీ లేదు, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి. కానీ రిజిస్ట్రేషన్ వేరు, ఎన్నిక వేరు. ఏడుగురు కలిసి ఒక సర్టిఫికెట్ తెచ్చుకుని, 134 ఇళ్ల తరపున మాట్లాడతామని, నెలకు ఇంత ఇవ్వమని అడిగితే, ఇచ్చేవారికి సహజంగానే అనుమానం వస్తుంది.

ఆ అనుమానం ఖరీదు ఎంతో చిన్న లెక్కతో చూద్దాం. ఉదాహరణకు బ్లాకుకు 134 ఇళ్లు, ఇంటికి 300 రూపాయలు అనుకుంటే నెలకు 40,200 రూపాయలు రావాలి. సగం మంది ఇవ్వకపోతే వచ్చేది 20,100. లిఫ్టు కరెంటు, వాచ్‌మన్ జీతం పోగా మరమ్మతుకు మిగిలేది ఉండదు. లిఫ్టు ఆగుతుంది. లిఫ్టు ఆగాక, ఇప్పటిదాకా ఇచ్చినవారు కూడా ఎందుకివ్వాలి అంటారు. తొమ్మిదో అంతస్తులో మోకాళ్ల నొప్పులతో ఉన్న విధవరాలికి ఇల్లు ఒక చెరగా మారుతుంది. ఇక్కడ పేదరికం ఒక్కటే కారణం కాదు. మన డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నామో మనం నిర్ణయించలేదన్న భావన కూడా అంతే కారణం. ఎన్నిక జరిగినంత మాత్రాన లిఫ్టు కదలదు. కానీ లెక్క అడిగే హక్కు, తీసివేసే హక్కు ఉన్నచోట ఇచ్చే చెయ్యి వెనుకాడదు.

అమెరికా నేర్చిన పాఠం

ప్రభుత్వ గృహాల్లో అద్దెకుండేవారి ప్రతినిధుల ఎన్నికకు చట్టబద్ధమైన రూపం ఇచ్చిన దేశాల్లో అమెరికా ఒకటి. అది ఊరికే రాలేదు. 1969లో సెయింట్ లూయిస్ నగరంలో ప్రభుత్వ గృహాల నివాసులు, అద్దెలు భరించలేనంత పెరిగాయని, ఇళ్లు పాడుబడుతున్నాయని, తొమ్మిది నెలలపాటు అద్దె చెల్లించడం నిలిపివేశారు. ముందు నిలిచినవారిలో నల్లజాతి తల్లులు ఉన్నారు, బక్ జోన్స్ అనే పాస్టరు ఉన్నారు. గృహసంస్థ పనిలో నివాసులకు చోటు ఇవ్వడం ఆ ఒప్పందంలో ఒక భాగం. అదే ఏడాది చివర, అద్దె కుటుంబ ఆదాయంలో నాలుగో వంతు మించరాదని సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ పేరుతో సవరణ వచ్చింది.

ఇప్పుడు అక్కడి కేంద్ర గృహశాఖ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. నివాసుల మండలికి కనీసం ఐదుగురు ఎన్నికైన సభ్యులుండాలి. మూడేళ్లకు ఒకసారైనా ఎన్నిక జరగాలి. 30 రోజుల ముందు ఓటర్లందరికీ తెలియజేయాలి. ఎన్నికను బయటి తటస్థులు పర్యవేక్షించాలి. ఇంటి పెద్దకే కాదు, అద్దె ఒప్పందంలో పేరున్న 18 ఏళ్లు నిండిన ప్రతివారికీ ఓటు. సభ్యులు కోరితే మండలిని మధ్యలోనే తొలగించే మార్గం ఉంది. నివాసుల భాగస్వామ్యానికి ఏటా ఇంటికి 25 డాలర్ల నిధి కూడా నిబంధనల్లో ఉంది. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని మేము చెప్పడం లేదు. అయితే తప్పు జరిగినప్పుడు చూపించడానికి వారి చేతిలో ఒక నియమం ఉంది. మన కాలనీల్లో అది లేదు.

మనకు అనుభవం లేదా అంటే ఉంది. ఇదే ఇళ్లలోని అక్కాచెల్లెళ్లు డ్వాక్రా, మెప్మా పొదుపు సంఘాల్లో లీడర్లను ఎన్నుకున్నారు, మార్చారు, తీర్మానాల పుస్తకం రాశారు, బ్యాంకు లెక్క చూశారు. ఇంటి కాగితం వారి పేరునే ఉంది. కాలనీ మీటింగు వచ్చేసరికి మాత్రం కుర్చీల్లో మగవారు, వెనుక గోడ దగ్గర ఆడవారు! ఇది మారాలి.

యెరూషలేములో ఏడుగురు

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మనకు పరిచయమే. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. అపొస్తలులు ఆ సణుగును అణచలేదు. తమకు నచ్చిన ఏడుగురిని తామే నియమించి ప్రకటించనూ లేదు. శిష్యుల సమూహాన్నంతా పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. సమూహము ఏర్పరచుకున్నవారి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందని మొరపెట్టిన వర్గానికే భోజనపు బల్ల అప్పగించినట్టు ఆ పట్టిక కనబడుతుంది.

అక్కడా ఏడుగురే, మన సొసైటీలోనూ ఏడుగురే. ఒకచోట ఏడుగురూ అందరి చేత ఎన్నికయ్యారు. మరొకచోట ఏడుగురూ తమను తామే ఎన్నుకున్నారు. తేడా అంతా అందులోనే ఉంది. బల్ల దగ్గర వడ్డించే పని ఆత్మీయం కాదని అపొస్తలులు అనుకోలేదు. దానికి ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారు కావాలన్నారు. నీటి మోటారు, లిఫ్టు లెక్క చూసేవారికి అంతకంటె తక్కువ అర్హత చాలునని మనం ఎలా అనగలము?

కష్టమైన ప్రశ్న ఒకటి

ఈ ఇళ్లను అద్దెకివ్వకూడదని నిబంధన. అయినా కొన్నిచోట్ల అద్దెకున్నవారు ఉన్నారన్నది అందరికీ తెలిసిన విషయమే. వారికి ఓటు ఇవ్వాలా? ఇస్తే నిబంధన ఉల్లంఘనను ఆమోదించినట్టు అవుతుందని కొందరి వాదన. ఆ వాదనలో బలం ఉంది. కానీ నెలనెలా మెయింటెనెన్స్ వారి దగ్గర వసూలు చేసి, మీటింగులో నోరు మూసుకోమనడం న్యాయం కాదు. ఓటు కేటాయింపుదారులకే ఉంచి, నీరు, శుభ్రత, భద్రత వంటి రోజువారీ సంగతులపై అక్కడ కాపురమున్న ప్రతి ఇంటివారి మాటా వినాలన్నది మా అభిప్రాయం. నిబంధన అమలు చేయడం అధికారుల పని, కమిటీ పని కాదు. ఎవరిని ఖాళీ చేయించాలో చెప్పే అధికారం కమిటీకి ఇస్తే అది రేపు బెదిరింపు సాధనమవుతుంది.

సంఘము ఏమి చేయాలి, ఏమి చేయకూడదు

మొదట చేయకూడనిది చెబుతాము. మన క్యాండిడేటు అనే మాట ప్రసంగ వేదికపై వినబడకూడదు. ఆదివారం ఆరాధనలో ఒక పేరు ప్రకటిస్తే, శుక్రవారం మసీదులోనూ, శనివారం గుడిలోనూ మరొక పేరు ప్రకటిస్తారు. ఆ తరువాత లిఫ్టు కూడా మతం మాట్లాడుతుంది. కమిటీలో మనవారుంటే ఖాళీ స్థలంలో ప్రార్థనా మందిరం కట్టుకోవచ్చు అనే ఆశ కొందరికి ఉంటుంది. అది అందరి స్థలం. దానిని చాటున సంపాదిస్తే మన సాక్ష్యం పోతుంది. దైవజనులు అభ్యర్థులుగా నిలబడకుండా ఉండడం మేలు. గొడవ వచ్చినప్పుడు ఇరువైపులవారూ వారి దగ్గరకు రాగలగాలి.

విశ్వాసులు మాత్రం తప్పక పాల్గొనాలి. తమ బ్లాకులో పోటీ చేయవచ్చు, ఇతర మతస్థుడైన నిజాయితీపరునికి ఓటు వేయవచ్చు. మన మెయింటెనెన్స్ బాకీ ముందుగా తీర్చాలి. బాకీ ఉన్నవాని నీతిబోధ ఎవరూ వినరు. ఎన్నిక కోసం నాలుగు సంగతులు అడగండి. ఇంటింటి ఓటర్ల జాబితా ముందుగా గోడమీద అంటించాలి. చేతులెత్తడం కాదు, చీటీ మీద రహస్య ఓటు ఉండాలి. ఆ కాలనీలో ఇల్లు లేని ఒక రిటైర్డ్ టీచరో, ఉద్యోగో ఎన్నిక నడపాలి. గెలిచినవారు నెలనెలా వచ్చింది ఎంత, ఖర్చు ఎంత అన్నది ప్రతి బ్లాకు కింద రాసి పెట్టాలి. బ్లాకుకు ఒక ప్రతినిధి, అందులో సగం మంది స్త్రీలు ఉంటే ఇంకా మంచిది. ఎక్కడానికి మెట్లే గతి అయినవారి నుంచి, పై అంతస్తులవారి నుంచి, ఒక్కరైనా కమిటీలో ఉండేలా చూడండి. యెరూషలేము సంఘం చేసింది అదే.

ప్రభుత్వాలను కూడా ఒక మాట అడుగుతున్నాము. తాళంచెవితోపాటు ఒక నమూనా నియమావళి ఇవ్వండి. అప్పగించిన ఏడాదిలోపు తొలి ఎన్నిక జరిపించండి. ఊరికి ఎన్నిక పెట్టగలిగిన యంత్రాంగానికి బ్లాకుకు ఎన్నిక పెట్టడం భారం కాదు.

నెహెమ్యా కాలంలో గోడ కట్టినవారిలో అనేకులు తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్ని బాగుచేశారు. మన ఇంటికి ఎదురుగా ఉన్నది ఈ రోజు మెట్లు, మోటారు, లిఫ్టు. వచ్చే కాలనీ మీటింగు తేదీ కనుక్కోండి. మీ ఇంటి ఇల్లాలిని ముందు వరుసలో కూర్చోబెట్టండి. జాబితాలో పేరు చూసుకోండి. ప్రార్థన చేసుకుని వెళ్లండి, చీటీ వేసి రండి.