సముద్రపుటొడ్డున కొలతరాయి

రైతునకు తన పొలముగట్టు జేనెడు జరిగినను తెలియును. పొరుగువాడు నాగటిచాలుతో బెత్తెడు లోనికి వచ్చినను అతడూరకుండడు. సర్వేయరును పిలిపించును, కొలత వేయించును, హద్దురాళ్లు చూపించును. అట్టి రైతే, సముద్రము ఎకరములకొలది నేలను మ్రింగుచుండగా “కడలికి హద్దు పెట్టగలవా రెవ్వరు?” అని చేతులు ముడుచుకొని కూర్చుండుట వింతగా నున్నది. హద్దు పెట్టలేకపోవచ్చును, కొలత పెట్టవచ్చును. కొలత లేని మొర ఏ కచ్చేరిలోను నిలువదు. తీరగ్రామముల సహకార సంఘములు ఈ పనిని తమ పనిగా స్వీకరింపవలెనని మా యభిప్రాయము.

మన కండ్లయెదుట నున్న యుదాహరణమునే తీసికొందము. కాకినాడ యఖాతమునకు తూర్పున హోప్ ఐలాండు అను పొడవైన యిసుకతిన్నె కలదు. గోదావరి తెచ్చిన యిసుకను తీరము వెంబడి ఉత్తరముగా నడచు కెరటములు కొనిపోయి, సుమారు రెండువందల సంవత్సరములలో దీనిని పేర్చినవి. దీని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. బంగాళాఖాతపు కెరటములు ముందు దీనిని తాకి విరుగును; దీని చాటున రేవు నెమ్మదిగా నుండును, కోరంగి మడయడవులు పెరుగును. మహోప్పెనను ఇసుకతిన్నె యొక్కటే ఆపజాలదన్న మాట నిజమే. కాని 1789లోను 1839లోను కోరంగి రేవును ముంచిన యుప్పెనల కథ విన్నవారు, సముద్రమునకును ఊరికిని నడుమ నున్న ఏ యడ్డునైనను తేలికగా చూడరు.

ఇట్టి తిన్నెలు కొండలవలె స్థిరములు కావు. గాలివానలో కెరటములు ముందువైపు ఇసుకను త్రవ్వి, తిన్నె మీదుగా వెనుకవైపునకు విసరును. ముందు తరిగి వెనుక పెరిగినచో తిన్నె నశించినట్లు కాదు, జరిగినట్లు. ఒకచో కొన పెరుగుచుండగనే మరియొకచో నడుము సన్నగిలవచ్చును. కావున సముద్రపువైపు మాత్రమే కొలిచినవాడు సగము లెక్క వ్రాసినవాడే. రెండు వైపుల గట్లను, నిడివిని, ఎత్తును కూడ కొలిచిననే ఆ తిన్నె బ్రతుకుచున్నదో చిక్కిపోవుచున్నదో తెలియును.

దీర్ఘకాలపు కొలతను పండితు లెట్లు చేయుదురన, పాత సర్వే పటములను, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను, 1972 మొదలు ఉపగ్రహములు పంపుచున్న చిత్రములను ఒకే కొలబద్దకు తెచ్చి, తీరరేఖలను ఒకదానిపై నొకటి గీయుదురు. లోపలివైపు ఒక స్థిరరేఖను పెట్టుకొని, దానినుండి సమానదూరములలో సముద్రమువైపునకు అడ్డగీతలు గీచి, ఒక్కొక్క గీతపై ఒడ్డు ఎంత జరిగినదో చూచి సంవత్సరముల సంఖ్యచే భాగింతురు. లెక్క సులభమే, చిక్కులు వేరు. పోటువేళ ఒడ్డు ఒకచోట, పాటువేళ మరియొకచోట నుండును. తుపానులో పోయిన యిసుకలో కొంత మరల నెమ్మదికాలమున వచ్చి చేరును. తుపాను మరునాడు కొలిచి “ఊరు పోయినది” అనువాడును, నెమ్మదికాలమున కొలిచి “ఏమియు కాలేదు” అనువాడును ఇద్దరును పొరబడుదురు.

కాలము పెరిగినకొలది కొలతకు బలము హెచ్చును. కొలతలో పది గజముల తప్పు రాగలదనుకొందము. రెండేండ్ల వ్యవధిలో ఆ తప్పు ఏటికి ఐదు గజములై అసలు సంగతినే కప్పివేయును. ఏబది యేండ్లలో ఏటికి గజములో అయిదవవంతుగా తగ్గిపోవును. అందుచేతనే నేడు మొదలుపెట్టని కొలత రేపు మన బిడ్డలకు దొరకదు.

ఇంతవరకు జరిగిన కొలతలు చెప్పుచున్న సంగతి చిన్నది కాదు. ఉపగ్రహ చిత్రములను పరిశీలించిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పండితులు, 1976 మొదలు 2001 వరకు గోదావరి డెల్టా ముఖమున కలిసిన నేలను మినహాయించి పోయినది సుమారు 1,836 హెక్టారులని, అనగా 4,500 ఎకరములకు పైగా నని, తేల్చిరి. నదిపై ఆనకట్టలు పెరిగినకొలది ఒండ్రు వాని వెనుక నిలిచిపోవుటయే ముఖ్యకారణమని వారు చెప్పిరి. 1990 మొదలు 2018 వరకు దేశతీరమును పరిశీలించిన కేంద్రప్రభుత్వ సంస్థ, నూటికి సుమారు 34 వంతుల తీరము కోతకు గురియగుచున్నదనియు, 27 వంతులు పెరుగుచున్నదనియు తెలిపినది. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మనకు అన్నము పెట్టినది. దానిని నిందించుట కృతఘ్నత. అయినను నీటిలెక్క వ్రాయువారు ఒండ్రులెక్కయు వ్రాయవలెను.

ఉప్పాడ సంగతి అందరెరిగినదే. ఇండ్లు పోయినవి, కాకినాడకు పోవు రోడ్డు పలుమారులు తెగినది. రాళ్లు వేసినచో ఆ చోటు కొంతకాలము నిలుచును. కాని ఉత్తరమునకు పోవలసిన యిసుక ఆగి, కోత పొరుగూరికి పోవచ్చును. తన చేనినీటిని పొరుగుచేనిలోనికి మళ్లించినవాడు కాలువను బాగుచేసినవాడు కాడు. కావున కొలత ఒక యూరిదిగా కాక, తీరమంతటిదిగా నుండవలెను.

“ఉపగ్రహములుండగా మన మేల?” అని కొందరందురు. చిరకాలముగా దొరకు చిత్రములలో ఒక్కొక్క గడి 30 మీటర్ల ప్రక్కలు గలది. గజము, రెండు గజముల మార్పు అందులో అణగిపోవును. టేపు పట్టిన రైతునకు అది కనబడును. చేతిలోని ఫోనుకూడ కొన్ని మీటర్ల తేడా చూపగలదు గనుక దానిని నమ్ముటకంటె టేపే మేలు.

ప్రతి తీరగ్రామ సంఘమును ఒడ్డునకు దూరముగా, ఇసుక జరుగని గట్టినేలపై, మూడు నాలుగు రాళ్లు పాతించవలెను. ప్రతిమాసము పౌర్ణమి మరునాడు ఆ రాతినుండి పోటునీటి గుర్తువరకును, పచ్చిక మొదలగు చోటువరకును కొలిచి, తేదీతో సంఘపు పుస్తకమున ఇద్దరు సభ్యుల సంతకములతో వ్రాయవలెను. ఒకే చోటనుండి ఒక చిత్రము తీయవలెను. దగ్గరి బావినీటి ఉప్పదనమును కూడ వ్రాసిన మరియు మేలు. ఏడాది కొకసారి ప్రతిని ప్రభుత్వమునకు పంపవలెను. దీనికి కావలసినది నాలుగు రాళ్లు, ఒక టేపు, ఒక పుస్తకము, విసుగులేని యిద్దరు మనుష్యులు, అంతే.

అప్పుపుస్తకమున ఒక్క అణా తప్పినను మహాసభలో నిలదీయు సభ్యులు, కాళ్లక్రింది నేల తరుగుదలకు పుస్తకమే లేకుండుట నెట్లు సహింతురు? వచ్చు మహాసభలోనే ఈ తీర్మానము చేసి, వచ్చు పౌర్ణమి మరునాడే మొదటి పంక్తి వ్రాయుదురు గాక.