కార్తీకంలో రంపం పక్కన పెట్టండి



వీడియోలో మీరు చూస్తున్న చింత మొద్దు మూడేళ్ల కిందట మా చేను గట్టు మీద ఉండేది. గట్టు వెడల్పు చేసేటప్పుడు జేసీబీకి పోవాల్సిందే, తవ్వి తెచ్చుకున్నాను. ఇంకా పాత ప్లాస్టిక్ టబ్బులోనే ఉంది. "ఇంకెప్పుడండీ బోన్సాయ్ పళ్లెంలో పెట్టేది?" అని చూసినవాళ్లంతా అడుగుతున్నారు. ఈ కార్తీకంలో మాత్రం పెట్టను.

దీనికంటే ముందు నా దగ్గర ఒక జువ్వి ఉండేది. పాడుబడ్డ దిగుడుబావి రాళ్ల సందుల్లో పెరిగింది. బావి పూడ్చేస్తున్నారంటే ఆషాఢంలో తెచ్చాను. వానలకి విరగబడి చిగురేసింది. నేను మురిసిపోయి, దసరా వెళ్లగానే బయటికి తీసి, సగం వేర్లు కోసి, లోతులేని పళ్లెంలో నాటేశాను. సంక్రాంతికల్లా ఆకులన్నీ రాలాయి. జువ్వి ఎలాగూ ఆకు రాల్చే చెట్టే కదా అని ఊరుకున్నాను. బెరడు ముడతలు పడ్డాక గోటితో గీకి చూస్తే లోపల పచ్చదనమే లేదు. రాళ్ల మధ్య అన్ని ఎండాకాలాలు తట్టుకున్న చెట్టుని మూడు నెలల్లో చంపుకున్నాను.

కంచెకి పాతిన మునగ కొమ్మని గుర్తు తెచ్చుకోండి. వేరు లేకుండానే చిగురేస్తుంది, కొమ్మలో దాచుకున్న ఆహారంతో. వేరు పట్టకపోతే ఆ తర్వాత ఎండుతుంది. తవ్వి తెచ్చిన మొద్దూ అంతే. మొదటి ఏడు మనకి కనిపించే పచ్చదనం చాలావరకు అది దాచుకున్న సొమ్ము. ఆ సొమ్ముతో అది కొత్త వేర్లు కట్టుకుంటుంటే నేను ఆ వేర్లనే కోశాను. అదీ చలి ముందు. డిసెంబర్, జనవరిలో తెలంగాణలో చాలా చోట్ల రాత్రి 15 డిగ్రీల కిందికి పోతుంది. జువ్వికి, మర్రికి, చింతకి కోసిన వేరు మళ్లీ రావాలంటే వేడి కావాలి.

ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం ఒకటుంది. కొండల నుంచి తెచ్చిన చెట్లని జపాన్‌లో యమదోరి అంటారు. ఆ వీడియోలు చూసి మనవాళ్లు క్యాలెండర్ కూడా అక్కడిదే వాడేస్తున్నారు. వాళ్ల మేపుల్ చెట్టు చలికాలమంతా నిద్రపోతుంది. మన మర్రికి ఆ నిద్ర ఎక్కడిది?

మరి ఇప్పుడు పని లేదా అంటే, ఉంది. వానాకాలంలో కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగి ఉంటుంది. తీగని విప్పకండి, ముక్కలుగా కత్తిరించి తీయండి. అడుగు రంధ్రాలు వేర్లతో మూసుకుపోయాయేమో చూడండి. కోస్తాలో తుఫాను వానలు ఇంకా ఉంటాయి కాబట్టి అక్కడ ఇది మరీ ముఖ్యం. నీళ్లు రోజూ అలవాటుగా పోయొద్దు, వేలు పెట్టి తడి చూసి పోయండి. వానలు తగ్గాక పిండినల్లి కనిపిస్తే నీమాస్త్రం చాలు.

జీవామృతం గురించి మనలో పొరపాటు ఉంది. చేలో పోసినట్టే తొట్టిలో పోస్తున్నారు. చేలో నీరు కిందికి దిగడానికి భూమంతా ఉంది, తొట్టికి ఉన్నవి రెండు రంధ్రాలు. మడ్డి పేరుకుంటే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. నేను గుడ్డతో వడగట్టి, పది రెట్లు నీళ్లు కలిపి, నెలకొకసారి పోస్తాను. కార్తీకం దాటితే ఆపేసి మళ్లీ ఫాల్గుణంలోనే మొదలుపెడతాను. చలిలో లేత చిగురు తెప్పించి ఏం చేసుకుంటాం?

వచ్చే ఏడు తేవాల్సిన చెట్లని కూడా ఇప్పుడే తిరిగి చూసుకోండి. కూల్చబోయే గోడలు, పూడ్చబోయే బావులు, వెడల్పు చేసే గట్లు. యజమానిని ముందే అడగండి. అడవి జోలికి మాత్రం వెళ్లొద్దు. రిజర్వు ఫారెస్టులో చెట్టు తవ్వడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా నేను వద్దనే అంటాను. ఎవరూ నరకబోని చెట్టుని మనం కాపాడేదేముంది?

చింతకి ఈ నెల నేను చేసింది ఒక్కటే. తీసేయాలనుకున్న కొమ్మలకి ఎర్రదారం కట్టి, నాలుగు వైపులా ఫోటోలు తీశాను. మొదట మూడు కొమ్మలకి కట్టాను. పది రోజులు పొద్దున్నే చూశాక ఒక దారం విప్పేశాను. ఎడమ పక్కన కిందికి వంగిన కొమ్మ అది. మిగతా రెండింటి సంగతి ఫాల్గుణంలో చూస్తాను.