తుమ్ముకు ఏ డాక్టర్?
శ్రీవిజయపురం (2024 దాకా పోర్ట్‌బ్లెయిర్)లోని డెలానీపూర్‌లో తుమ్ములు ఆగని మనిషి ఎవరి దగ్గరికెళ్లాలి? ముక్కు డాక్టరా, ఊపిరితిత్తుల డాక్టరా? అమెరికాలో అలర్జీ నిపుణులకు 1971 నుంచే ప్రత్యేక బోర్డు ఉంది. మెడిసిన్‌లోనో పిల్లల వైద్యంలోనో మూడేళ్ల శిక్షణ అయ్యాక, మరో రెండేళ్లు అలర్జీ మీదే. భారత్‌లో క్లినికల్ ఇమ్యునాలజీ డీఎం ఉన్నా అందులో పెద్దపీట కీళ్లవాతానిదే. మిగిలినవి డిప్లొమాలు, స్వల్పకాలిక కోర్సులు. 'అలర్జీ స్పెషలిస్ట్' బోర్డు వెనుక ఎంత శిక్షణ ఉందో రోగికి తెలిసేదెలా?

చేతిపై సూదితో చేసే పరీక్ష తేలికే. కష్టమల్లా ఫలితాన్ని చదవడంలోనే. దద్దురు లేచినంత మాత్రాన జబ్బుకు అదే కారణం కాదు. ఆ తేడా తెలియనివారి చేతిలో పడితే వంకాయ నుంచి రొయ్య దాకా అన్నీ మానాల్సిందే (అదీ దీవుల్లో!). అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చాక అరగంట కూర్చోబెట్టాలి, అడ్రినలిన్ సిద్ధంగా ఉంచాలి. వికటిస్తే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. చెన్నై విమానం దాకా ఆగదు.