యూట్యూబ్ గన్‌స్మిత్‌లకో దండం

అమెరికా వచ్చి గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో చేతికందాక మనవాళ్ళలో కొంతమందికి తుపాకీ సరదా పట్టుకుంటోంది. ఇక్కడ డాలస్‌లో నాకు తెలిసినవాళ్ళే నలుగురైదుగురున్నారు. చట్టం ఒప్పుకుంటోంది, కొనుక్కోండి, కాదనడానికి నేనెవర్ని? నా గొడవంతా ఆ తర్వాతి డైలాగు గురించే. "ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంది గురూ. ఆన్‌లైన్‌లో కిట్ దొరుకుతోంది, వీడియో చూసి నేనే మార్చేస్తా. అరగంట పని. దీనికి గన్‌స్మిత్‌కి డబ్బులు తగలెయ్యడం ఎందుకు?"

ఎందుకో చెప్తాను, వినండి.

ట్రిగ్గర్ బిగించడం నిజంగా అరగంట పనే. కానీ అసలు పని అది కాదు. బిగించాక సేఫ్టీలన్నీ ఇంకా పనిచేస్తున్నాయో లేదో తేల్చుకోవడం అసలు పని. మన భాషలో చెప్పాలంటే కోడింగ్ కాదు, టెస్టింగ్. బగ్ రిపోర్ట్ వస్తే "నా మెషీన్లో బానే నడుస్తోందే" అనే జాతి మనది. అలాంటి మనం మన తుపాకీకి మనమే టెస్టర్లమా? భేష్!

గ్లాక్ సంగతే చూడండి. దాంట్లో మూడు సేఫ్టీలుంటాయి. ట్రిగ్గర్ మీద చిన్న మీట ఒకటి, ఫైరింగ్ పిన్‌కి అడ్డుపడేది ఒకటి, కిందపడితే పేలకుండా ఆపేది ఇంకొకటి. ట్రిగ్గర్ వెనకాల ట్రిగ్గర్ బార్ అనే రేకుముక్క ఉంటుంది. రెండో సేఫ్టీని పైకి లేపేది అదే, మూడో సేఫ్టీలో కూర్చునేదీ అదే. చాలా కిట్లలో ఆ ముక్కని కూడా మారుస్తారు. అంటే "ట్రిగ్గర్ ఒక్కటే మార్చానండీ" అన్న పెద్దమనిషి మూడు సేఫ్టీల్నీ కెలికాడన్నమాట!

"మంచి కంపెనీ పార్టేగా" అంటారు. సరే, 2017కి వెళ్దాం. సిగ్ సావర్ పి320 ఒక కోణంలో కిందపడితే పేలుతోందని ఆ ఏడాది బయటపడింది. తుపాకీ నేలకి కొట్టుకుని ఆగిపోయినా, ట్రిగ్గర్ మాత్రం తన బరువుకి ఆ ఊపులో వెనక్కి పోయి తనంతట తనే నొక్కుకునేది. మామూలు డ్రాప్ టెస్టులన్నీ పాసైన తుపాకీ అది! ఆగస్టులో కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌తో సహా కొన్ని భాగాలు ఉచితంగా మార్చిస్తామంది. అయితే కిట్లు ఇళ్ళకి పంపలేదు, తుపాకీలనే ఫ్యాక్టరీకి పంపమంది. తయారుచేసినవాడే మీ చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు మరి.

ఇంకోటి. సియర్‌ని అరగదీసి "స్మూత్" చేసే మహానుభావులున్నారు. కొంచెం ఎక్కువ అరిగితే ఒక్కసారి నొక్కినా రెండు గుళ్ళు పోవచ్చు. ఒక్క నొక్కుకి ఒకటికంటే ఎక్కువ గుళ్ళు పేలిస్తే ఫెడరల్ చట్టం దృష్టిలో అది మెషీన్ గన్. 1986 తర్వాత కొత్తగా తయారైన మెషీన్ గన్ మామూలు పౌరుడి దగ్గర ఉండకూడదు. కావాలని చేయలేదని లాయర్‌కి చెప్పుకోవచ్చు, ఆయన ఫీజు మాత్రం గన్‌స్మిత్ కూలి కన్నా ఎక్కువే!

"గన్‌స్మిత్ మాత్రం మనిషి కాడా, తప్పు చెయ్యడా?" చేస్తాడు. అందుకే ముందు మూడు ప్రశ్నలు అడగండి. బిగించాక పుల్ వెయిట్ కొలుస్తావా? సేఫ్టీలు ఒక్కొక్కటీ విడిగా చెక్ చేస్తావా? నిజం గుళ్ళతో కాల్చి చూసి ఇస్తావా? నసిగితే ఇంకో షాపు వెతుక్కోండి. ఫెడరల్ లైసెన్సు పెట్టుకుని షాపు నడిపేవాడికి తేడా వస్తే జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉంటుంది. వీడియో పెట్టినవాడికి ఏముంది? లైకులు!

హెచ్-1బి మీదున్న తమ్ముళ్ళూ, మీకు ఈ చర్చే వద్దు. హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ మీ దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం. ఇక ఇండియాలోనా? 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చెయ్యడానికి కూడా లైసెన్సు కావాలి.

తుపాకీ శుభ్రం చేసుకోవడం నేర్చుకోండి, మంచిదే. ట్రిగ్గర్ జోలికి మాత్రం పోకండి. మీరు మిగుల్చుకునేది కొన్ని డాలర్లు. దానికి పందెం కాస్తున్నది మీ ఇంట్లోవాళ్ళ ప్రాణాలు, అపార్ట్‌మెంట్ గోడ అవతల నిద్రపోయే పక్కింటివాళ్ళ ప్రాణాలు. వాళ్ళనెవరూ ఈ పందెం కాస్తారా అని అడగలేదు కదా!